మీ క్రాస్ కుక్కపిల్ల మందను తోలుతోందా, తరుముతోందా?

ఒంగోలు, నెల్లూరు టౌన్లలోనే కాదు, పొదిలి, కనిగిరి, వింజమూరు చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఇప్పుడు క్రాస్ కుక్కలు మామూలైపోయాయి. తల్లి ఆల్సేషియన్, తండ్రి ఊరకుక్క. లేదంటే లాబ్రడార్‌కీ నాటు కుక్కకీ పుట్టిన పిల్ల. ఐదారు నెలలు వచ్చేసరికి అది వాకిట్లో ఆడుకునే పిల్లల చుట్టూ గిరికీలు కొడుతుంది, కోళ్లను గోడవారకు నెడుతుంది, దారిన పోయే మేకల వెంట పడుతుంది. ఫోన్లో గొర్రెల మందలు తోలే బోర్డర్ కోలీ జాతి కుక్కల వీడియోలు చూసిన కుర్రాడు "దీనికి మంద తోలే రక్తం ఉంది నాయనా" అంటాడు. తండ్రి ఒప్పుకోడు. "అది వేటబుద్ధిరా. రేపు ఎవరిదో గొర్రెపిల్ల పీక పట్టుకుంటే డబ్బులు కట్టేది నేను. కట్టెయ్ దాన్ని" అంటాడు.

ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది, ఎందుకంటే మంద తోలే గుణం పుట్టిందే వేటలోంచి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో తెలియకపోతే పనికొచ్చే కుక్కను గొలుసుకు కట్టేస్తాం, లేదా ప్రమాదకరమైన దాన్ని మురిపెంగా మంద మీదికి వదిలేస్తాం. నేను గమనించినంతలో ఆ గీత కుక్క పరుగు చూస్తే దొరకదు. అది తనంతట తాను ఎక్కడ ఆగుతోందో చూస్తే దొరుకుతుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

వేటలో కొంత ఉంచి, కొంత తీసేస్తే

తోడేలు వేటాడే తీరుకు ఒక వరస ఉంది. ముందు చూపు నిలుపుతుంది. తల దించి నక్కి నక్కి నడుస్తుంది. తరుముతుంది. పట్టుకుంటుంది. చంపే కాటు వేస్తుంది. ఆపైన చీల్చి తింటుంది. కుక్క తోడేలు వంశంలోంచి వచ్చిందే కాబట్టి ఈ వరస కుక్కల్లోనూ ఉంది, అయితే అన్నిట్లోనూ ఒకే మోతాదులో లేదు. తరతరాలుగా మనుషులు తమ పనికి ఏ మెట్టు కావాలో ఆ మెట్టు బలంగా ఉన్న కుక్కలనే జతకట్టిస్తూ వచ్చారు. ఎలుకలు పట్టే టెర్రియర్‌లో వరస చంపే కాటు దాకా సాగుతుంది. లాబ్రడార్‌లో నోటితో పట్టుకునే మెట్టు బలం, కానీ పళ్లు దిగవు. కొట్టిన పిట్టను నలగకుండా తెచ్చివ్వడానికి పెంచిన జాతి అది.

బోర్డర్ కోలీలో మొదటి మూడు మెట్లు, అంటే చూపు, నక్కి నడక, తరుము బాగా ముదిరాయి. ఆ తర్వాతి మెట్లు పలచబడ్డాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు సాధించిన పని ఇది. బ్రిటన్‌లో గొర్రెల కుక్కల పోటీ మొదట 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్లో జరిగింది. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క మొరగకుండా, కరవకుండా, వట్టి చూపుతో గొర్రెలను కదిలించేది. ఇవాళ్టి బోర్డర్ కోలీల్లో చాలా వాటి వంశం దాని దాకా వెళుతుంది.

కాబట్టి మంద తోలే కుక్కకు వేటబుద్ధి లేదనడం తప్పు. నిండా ఉంది, మధ్యలో తెగి ఉంది. ఆ తెగిన చోటు గట్టిగా ఉందా లేదా అన్నదే క్రాస్ పిల్ల విషయంలో అసలు ప్రశ్న.

తోలే కుక్కలన్నీ ఒకే పని చేయవు

వీడియోల్లో కనిపించేది ఎక్కువగా ఒకే తీరు. కుక్క దూరంగా చుట్టూ తిరిగి వెళ్లి, చెదిరిన గొర్రెలను కూడగట్టి కాపరి దగ్గరికి తెస్తుంది. బోర్డర్ కోలీ, ఆస్ట్రేలియా కెల్పీ చేసే పని ఇది. రెండో తీరు వెనకనుంచి తోలడం. పశువుల పిక్కలు పట్టి, అవి తన్నేలోపు నేలకు కరుచుకుపోయే పొట్టికాళ్ల కోర్గీ, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ ఇందులోకి వస్తాయి. న్యూజిలాండ్ కొండల్లో హంటవే అనే జాతి ఉంది, అది పెద్దగా మొరుగుతూ మందను కదిలిస్తుంది. మొరిగే కుక్క మంద కాయదని అనుకునేవాళ్లకు అదే జవాబు.

మన జిల్లాలకు ఎక్కువ సంబంధం ఉన్నది మూడో తీరు. జర్మనీలో కంచె లేని చేల మధ్య ఒక పట్టీలో గొర్రెలు మేస్తుంటే, కుక్క ఆ పట్టీ అంచున అటూ ఇటూ తిరుగుతూ ఏ గొర్రే పంటలో కాలు పెట్టకుండా చూసేది. మనం ఆల్సేషియన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్ అలాంటి కుక్కల్లోంచి వచ్చింది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫనిట్జ్ అనే సైనికాధికారి హొరాండ్ అనే కుక్కను మొదటిదిగా నమోదు చేసి ఈ జాతికి వంశావళి పుస్తకం తెరిచాడు. కంది చేను పక్క గట్టు మీద మంద నడుస్తుంటే మన కాపరి గొంతుతో, కర్రతో చేసే పని సరిగ్గా అదే.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. ఆల్సేషియన్ క్రాస్ పిల్ల కోలీలా కళ్లు నిలిపి నేలకు కరుచుకోకపోవచ్చు. అది వాకిటి గీత వెంట, గడప వెంట, చేనిగట్టు వెంట అటూ ఇటూ తచ్చాడుతూ, గీత దాటిన దాన్నల్లా లోపలికి నెడుతుంటే అదీ మంద కాసే గుణమే. చాలామంది ఇది గుర్తుపట్టరు, "ఊరికే తిరుగుతోంది" అంటారు. ఇంకో మాట కూడా చెప్పాలి. నూరేళ్లకు పైగా జర్మన్ షెపర్డ్‌ను పోలీసు పనికి, కాపలాకు, ప్రదర్శనలకు ఎంచి పెంచుతున్నారు. మందను చూడని తరాలు ఎన్నో గడిచాయి. కాబట్టి తల్లి ఆల్సేషియన్ అన్నంత మాత్రాన పిల్లకు పని వచ్చినట్టు కాదు.

మన మందల దగ్గర ఉండే కుక్క ఇంకో కోవ

నెల్లూరు గొర్రె మన దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రెజాతి. ఉన్ని ఉండదు, పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, దూరంనుంచి చూస్తే మేకేమో అనిపిస్తుంది. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ నల్లమచ్చలున్న జోడిపి, దాదాపు తెల్లగా ఉండే పల్ల, ఎర్రమట్టి రంగులో ఉండే దొర అని మూడు రకాలు. ఈ మందలను తోలేది మనిషే. ఈల, నాలుకతో చేసే చప్పుడు, భుజాన కర్ర, ముందు నడిచే అలవాటుపడ్డ గొర్రె ఒకటి. వీటితోనే ఉదయగిరి మెట్టల నుంచి డెల్టా చేల దాకా నడిపిస్తారు.

మరి కుక్క దేనికి? రాత్రికి. ఎరువు కోసం ఎవరి చేలోనో మంద ఆపినప్పుడు నక్క వచ్చినా, దొంగ వచ్చినా ముందు లేచేది అదే. ఈ కుక్క గుణం తోలే కుక్క గుణానికి పూర్తిగా ఎదురు. గొర్రెల మీద చూపు నిలపదు, వెంటపడదు. గొర్రెల మధ్య పడుకుంటుంది, గొర్రెపిల్ల మీదెక్కి తొక్కినా కదలదు. వేట వరసలో ఏ మెట్టూ గొర్రెల మీద లేవకపోవడమే దాని గొప్ప. కుక్కపిల్లలు లోకాన్ని తమదిగా చేసుకునే వయసు సుమారు మూడు వారాల నుంచి పన్నెండు వారాల దాకా. ఆ కాలంలో దొడ్డిలో గొర్రెలతో పెరిగిన పిల్ల వాటిని తనవాళ్లుగా చూస్తుంది.

ఇక్కడే తికమక పుడుతుంది. మన దగ్గర "మందకుక్క" అంటే కాపలా కుక్కే. ఆ అనుభవంతో చూసే కాపరికి, గొర్రెల వైపు కన్నార్పకుండా చూస్తూ ఒంగి నడిచే క్రాస్ పిల్ల కచ్చితంగా దొంగలాగే కనిపిస్తుంది. "అన్నా, ఇది చూసే చూపు బాగాలేదు, అవతలికి తీసుకుపో" అంటాడు. కాపలా కుక్కకు అది చెడ్డ గుర్తు, నిజమే. తోలే కుక్కకు అదే మొదటి గుర్తు.

గొర్రె వైపునుంచి చూస్తే

కుక్క చేసేది అర్థం కావాలంటే గొర్రె ఏం చేస్తుందో తెలియాలి. ప్రతి గొర్రె చుట్టూ కనబడని హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు బయట కుక్క ఉంటే గొర్రె తల ఎత్తి చూస్తుంది, అంతే. హద్దులోకి అడుగుపెడితే కదులుతుంది. మరీ లోపలికి దూసుకొస్తే బెదిరి పరిగెత్తుతుంది. గొర్రె భుజానికి వెనక నిలబడితే అది ముందుకు సాగుతుంది, భుజానికి ముందు నిలబడితే ఆగుతుంది లేదా మళ్లుతుంది. బెదిరిన గొర్రెలు ఒకదాని మధ్యలోకి ఒకటి దూరాలని చూస్తాయి. అంచున ఉన్నదాన్నే వేటజంతువు పడుతుంది కాబట్టి ప్రతిదానికీ నడుమన చోటు కావాలి. డబ్ల్యూ.డి. హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త 1971లో ఈ వాదన చేశాడు. 2012లో గొర్రెలకు జీపీఎస్ కట్టి, కుక్కను వదిలి చూసినప్పుడు అవి నిజంగానే మంద నడుమకు కదిలాయి.

2014లో మరో పరిశోధక బృందం మెరినో గొర్రెలకు, కెల్పీ కుక్కకు జీపీఎస్ కట్టి కుక్క నడకను లెక్కగట్టింది. తేలింది రెండే సూత్రాలు. మంద చెదిరి ఉంటే దూరంగా పోయినదాన్ని లోపలికి నెట్టు. మంద కూడి ఉంటే వెనకనుంచి ముందుకు తోలు. ఈ రెంటి మధ్య ఎప్పుడు మారాలో తెలియడమే కుక్క తెలివి.

దీన్ని మన చేలో ఊహించుకుందాం. కోత అయిపోయిన సజ్జ చేలో పది గొర్రెలు. కాపరి తూర్పు గట్టున ఉన్నాడు. రెండు గొర్రెలు విడిగా పడమర మూలకు మేసుకుంటూ పోయాయి. తొమ్మిది నెలల పిల్లను వదిలారు. వేటబుద్ధి ఒక్కటే ఉన్న కుక్క దగ్గర్లో ఏది కదిలితే దానివైపు తిన్నగా పోతుంది. ఎనిమిదీ నాలుగు దిక్కులకూ చెదురుతాయి, కుక్క వాటిలో ఒకదాన్ని పట్టుకుని వదలదు. తోలే గుణమున్న పిల్ల తిన్నగా పోదు. విల్లులా వంపు తిరిగి, గొర్రెల హద్దు బయటే ఉంటూ, పడమర మూలకు ఆ రెంటి వెనక్కి చేరుతుంది. అక్కడ వేగం తగ్గుతుంది. ఆ రెండూ ఎనిమిదిలో కలవగానే ఆగుతుంది, లేదా పడుకుంటుంది. కాపరి ఉత్తరానికి నడిస్తే అది దక్షిణానికి జరుగుతుంది. మంద ఎప్పుడూ తనకూ మనిషికీ మధ్య ఉండేలా చూసుకుంటుంది. ఈ చివరిది ఎవరూ నేర్పకుండానే చేసిందంటే, గుణం ఉందనడానికి అంతకంటే బలమైన గుర్తు నాకు తెలిసి లేదు.

దగ్గరనుంచి కనబడే గుర్తులు

తోక చూడండి. ఆటలో ఉన్న పిల్ల తోక పైకి లేచి ఊగుతుంది. పనిలో పడ్డ పిల్ల తోక కిందికి దిగి, వెనక్కాళ్ల మధ్య నిలకడగా వేలాడుతుంది. తల భుజాల కంటే కిందికి వస్తుంది. నోరు మూసుకుంటుంది. ముందుకాలు ఒకటి సగం లేచి గాలిలోనే ఆగిపోతుంది. గొర్రె చెవి కదిపితే ఆ కాలు మెల్లగా నేలకు దిగుతుంది. ఆ క్షణంలో పేరు పెట్టి పిలిస్తే చెవి ఒకటి వెనక్కి తిరుగుతుంది, కళ్లు మాత్రం గొర్రెల మీదే ఉంటాయి. మనిషిని మరిచిపోకుండానే గొర్రెను పట్టుకున్న చూపు అది. పిలుపు అసలే చెవిన పడకుండా ఒళ్లు మరిచి ఉరికే పిల్ల వేరు.

క్రాస్ పిల్లలో ఈ గుర్తులన్నీ కలిసి రావు. చూపు ఉండి ఆగడం లేకపోవచ్చు. చుట్టూ తిరగడం ఉండి చూపు లేకపోవచ్చు. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినది మొదటి రకం. మొదటి మూడు మెట్లు కోలీవి, తర్వాతి మెట్లు వేటకుక్కవి అయితే, పది నిమిషాలు ముచ్చటగా పనిచేసి పదకొండో నిమిషంలో గొర్రె తొడ పట్టుకుంటుంది. చిన్న చిటికె కాటు వేసి వెంటనే వదిలేసేది ఒక తీరు, పట్టి ఊపేది ఇంకో తీరు. కొన్ని తోలే జాతుల్లో మొదటిది మామూలే. రెండోది కనబడితే ఆ కుక్కను మంద దగ్గరికి మళ్లీ తేవద్దనడంలో కాపరి మాటే ఒప్పు.

తోలడంలా కనిపించే ఇతర చేష్టలు

ఆరు నెలల లోపు పిల్ల చీరకుచ్చిళ్లు, ప్యాంటు అంచులు పట్టి లాగితే అందులో పెద్ద అర్థం లేదు. పళ్లు మారే వయసు. ఏ జాతి పిల్లయినా చేస్తుంది.

బైకుల వెంట పడటం గురించి చాలామంది అడుగుతారు. కదిలేదాన్ని తరమాలన్న ఉబలాటం అందులో ఉన్న మాట నిజం. కానీ బైకు ఎప్పుడూ పారిపోతుంది, కుక్కకు ప్రతిసారీ తానే గెలిచినట్టుంటుంది, అందుకే అలవాటు గట్టిపడుతుంది. భయంతో మొరిగి తరిమే కుక్క కూడా బయటికి అలాగే కనిపిస్తుంది. అది వెనక్కి తగ్గుతూ, ఒళ్లు బిగబట్టి, అవతలిది వెనక్కి తిరగగానే ఉరుకుతుంది. తోలే పిల్లకు అవతలిది వెళ్లిపోవడం ఇష్టం ఉండదు, గుంపులో కలవాలి.

వాకిట్లో పిల్లల చుట్టూ తిరిగే చేష్టను కూడా ఇలాగే తూచవచ్చు. పిల్లలందరూ అరుగు మీద ఓ చోట కూర్చోగానే కుక్క కూడా సద్దుమణిగి పక్కన పడుకుందా? వాళ్లలో ఒకడు లేచి వీధిలోకి నడిస్తే వాడి వెనకే పోయిందా? అయితే ఆలోచించదగ్గ గుర్తు. వాళ్లు కూర్చున్నా మొరుగుతూ, రెచ్చగొడుతూ ఉంటే దానికి కావాల్సింది ఆట. కోడిని నోట కరుచుకుని చెక్కుచెదరకుండా తెచ్చి యజమాని ముందు పెట్టే లాబ్రడార్ క్రాస్ చేసింది తన జాతి పనే, తోలకం కాదు.

వంశం ఎంత చెబుతుంది?

దీని మీద నిపుణుల్లోనే రెండు వాదనలున్నాయి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 18,385 కుక్కల యజమానుల జవాబులు, 2,155 కుక్కల జన్యువులు చూశారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనబడే తేడాల్లో జాతి వివరించగలిగింది దాదాపు 9 శాతమే. అందులో క్రాస్ కుక్కలు చాలా ఉన్నాయి కాబట్టి మన ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. జాతి చూసి కుక్క గుణం చెప్పలేమన్నది ఒక పక్షం.

అదే ఏడాది సెల్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన 4 వేలకు పైగా జంతువుల జన్యువులు చూసి, మంద కాసే వంశాల్లో ఒక ప్రత్యేకత కనిపెట్టింది. మెదడు ఎదిగేటప్పుడు నరాల తీగలు ఏ దారిన సాగాలో నిర్ణయించే జన్యువుల దగ్గర ఆ వంశాలకు తేడాలున్నాయి. వంశంలో ఏదో ఉందన్నది రెండో పక్షం.

ఈ రెండూ కొట్టుకోవని నా అభిప్రాయం. మొదటిది అడిగింది ఇళ్లలో రోజువారీ కనబడే ప్రవర్తన గురించి. రెండోది చూసింది ఒక పని కోసం తరతరాలు ఎంచిన వంశాల గురించి. క్రాస్ పిల్లలో సగం జన్యువులు తల్లివి, సగం తండ్రివి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ అదే సగం రాదు. అన్న కుక్క మంద కాస్తోందని తమ్ముడు కుక్క కాస్తుందన్న భరోసా లేదు. వంశం ఆశ పెట్టుకోవడానికి కారణం అవుతుంది, తేల్చేది మాత్రం కుక్కే.

గొర్రెల ముందు పెట్టి చూడటంలో ఉన్న చిక్కులు

కొన్ని పిల్లల్లో చూపు రెండు మూడు నెలలకే మెరుస్తుంది, మళ్లీ మాయమై ఏడాదికి తిరిగి వస్తుంది. తొందరగా చూపించాలనేవాళ్లు అది వృథా కాకూడదంటారు. ఆగాలనేవాళ్లు లేత ఎముకలు, లేత మనసు అంటారు. ఒక పొట్టేలు గట్టిగా కుమ్మితే జీవితాంతం గొర్రెను చూసి తోక ముడిచే పిల్లలుంటాయి. ఆరు నెలల తర్వాత ఒకసారి చూసి, అసలు పని ఏడాదికి దగ్గరలో మొదలుపెట్టడం ఎక్కువమంది పాటించే మధ్యమార్గం.

గొర్రెకు జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడకపోవడం నన్ను బాధపెడుతుంది. చూడి గొర్రెలను తరిమితే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. నెల్లూరు ఎండల్లో పొద్దెక్కాక పరిగెత్తించిన గొర్రె కాటు పడకుండానే పడిపోగలదు. అందుకే తెలిసినవాళ్లు తెల్లవారుజామున, ఈనని చూడిలేని గొర్రెలను నాలుగైదింటిని, కంచె ఉన్న చోట, కుక్క మెడకు పొడుగాటి తాడు ఉంచి చూస్తారు. విదేశాల్లో కొందరు బాతులతో మొదలుపెడతారు. మన డెల్టాలో కోతల తర్వాత వరిచేలల్లో మేపే బాతుల మందలు చూసినవాళ్లకు ఆ కారణం వెంటనే అర్థమవుతుంది. బాతులు ఎప్పుడూ కూడి నడుస్తాయి, నిదానంగా నడుస్తాయి. ఒంగోలు ఆవులు, గేదెలు ఇందుకు పనికిరావు. దూడ ఉన్న తల్లి పారిపోదు, కొమ్ము దించి కుక్క మీదికే వస్తుంది.

జబ్బుల సంగతి ఒకటుంది. కోసిన గొర్రె తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు చేరతాయి. వాటి గుడ్లు కుక్క మలంలో పడి, గడ్డి ద్వారా గొర్రె మెదడుకెక్కి తిత్తి కడితే ఆ గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. ఇంకో రకం పురుగు తిత్తులు మనుషుల కాలేయంలో కూడా పెరుగుతాయి. నులిపురుగుల మందు, మూడో నెలలో మొదలయ్యే రేబిస్ టీకా పడని కుక్కను మందలోకి రానివ్వనన్న కాపరి మాటలో మూర్ఖత్వం ఏమీ లేదు.

గుణం ఉన్నా పని ఉంటుందా అన్నది కాపరుల్లోనే తెగని వాదం. పెద్దవాళ్లు కుక్కతో పనేముంది, గొంతు చాలదా అంటారు. బెదిరిన మంద సరిగా మేయదు, పాలు తగ్గి గొర్రెపిల్లలు చిక్కిపోతాయి అంటారు. పిల్లలు చదువులకు పోయి, రెండు వందల గొర్రెల వెనక ఒంటరిగా నడిచే వయసుమళ్లిన కాపరికి మాత్రం, మిర్చి చేని గట్టు వెంట ఒక పక్క నిలబడే కుక్క దొరికితే అది ఒక మనిషి కూలీతో సమానం. ఆ పనికి కోలీ చూపు అక్కర్లేదు. గీత వెంట నడిచి, గీత దగ్గర ఆగే ఆల్సేషియన్ క్రాస్ చాలు.